పాలపిట్టకు పచ్చరంగు

నేను ఒక పాలపిట్టను. కొయ్య పాలపిట్టనే అనుకోండి. అయినా ఆ ఒక్క మాట పట్టుకుని నన్ను తక్కువ చేసి చూడకండి. ప్రాణమున్న పాలపిట్టలు పురుగుల కోసం కరెంటు తీగల మీద పొద్దస్తమానం పడిగాపులు పడతాయి. నేను ఏనాడూ అలా దేబిరించలేదు. నా ముందు శాలువాలు కప్పుకున్న పెద్దమనుషులు లేచి నిలబడ్డారు, జాతీయ గీతం పాడారు, మైకులో నా గుణగణాలు వర్ణించారు. ఆ వర్ణించినవాళ్లలో సగం మంది బతికున్న పాలపిట్టను చూసి ఎరగరన్నది వేరే సంగతి.

నా పుట్టుక కొండపల్లిలో. అక్కడ తెల్ల పొణికి అనే చెట్టు కర్రతో బొమ్మలు చేస్తారు. అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక కర్ర అది. నా ఒళ్లు ఒక ముక్క, రెక్కలు రెండు ముక్కలు, తోక ఇంకో ముక్క. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు అనే ముద్ద చేసి, దాంతో వీటన్నిటినీ అతికించారు. నన్ను చెక్కిన పెద్దాయన అప్పటికే దశావతారాలు, అంబారీ ఏనుగులు లెక్కలేనన్ని చేసి ఉన్నాడు. పాలపిట్ట కావాలని మాత్రం ఆయన్ను ఎవరూ అడగలేదట.

అలా అడగడానికి వచ్చినవాళ్లు ఇద్దరు. నా కథంతా వాళ్లిద్దరి కథే కాబట్టి ముందు వాళ్ల సంగతి చెప్పాలి. ఒకాయన ఓగిరాల సాంబమూర్తి గారు. తాలూకా ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరై, వాగుపేటలో ‘రాష్ట్ర వైభవ పరిరక్షణ సమితి’ పెట్టి దానికి తానే అధ్యక్షుడయ్యారు. ఆయనకు వేదం కంటే జీవో ఎక్కువ. రెండో ఆయన వనం లక్ష్మీకాంతం గారు, సాంబమూర్తి గారి భార్య కాత్యాయని గారికి స్వయానా తమ్ముడు, సమితికి కార్యదర్శి. వాగుకు అవతలి ఒడ్డున గట్టుపాడులో కాపురం. బావ మాట్లాడటం, బామ్మర్ది చప్పట్లు కొట్టడం ఆ సమితి మొదటి నియమం.

“రాష్ట్ర పక్షి పాలపిట్ట. ఇదిగో, జీవో” అంటూ సాంబమూర్తి గారు పెద్దాయన చేతిలో కాగితం పెట్టారు. అందులో పేరు ఉంది, తేదీ ఉంది, సంతకం ఉంది. బొమ్మ లేదు. పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే, లక్ష్మీకాంతం గారు జేబులోంచి క్యాలెండర్లో చింపుకొచ్చిన బొమ్మ తీసి ఇచ్చారు. అంచేత నేను పేరుకు ప్రభుత్వ పక్షినే గానీ, రూపానికి కిరాణా కొట్టు క్యాలెండర్ పక్షిని.

నాతోపాటు ఒక కృష్ణజింక, ఒక వేపకొమ్మ, ఒక కలువ కూడా తయారై వాగుపేట చేరాయి. సమితి సభ్యులంతా పింఛనుదారులే. దేశభక్తి వాళ్లకు బీపీ మాత్ర లాంటిది, రోజుకొకటి పడాలి. ఏ బడి వార్షికోత్సవంలోనో ఎవరైనా రాష్ట్ర పుష్పం గులాబీ అన్నారంటే, మర్నాడు పొద్దున్నే ఈ బృందం గొడుగులు పట్టుకుని వెళ్లి, హెడ్మాస్టరు చేత తప్పు ఒప్పించి, కాఫీ తాగి వచ్చేది. ఏటా నవంబరు ఒకటిన మా నలుగురినీ పూలరిక్షాలో కూచోబెట్టి ఊరేగించేవాళ్లు. జింక కొమ్ములు నా తోకలో గుచ్చుకునేవి. అయినా వైభవం కోసం ఓర్చుకునేదాన్ని.

నా అసలు పండగ మాత్రం దసరా. విజయదశమి నాడు పాలపిట్ట కనిపిస్తే మంచి జరుగుతుందని మీకు తెలుసు కదా. కాత్యాయని గారి పుట్టింట్లో ఆ ఆచారం ఇంకో మెట్టు పైన ఉండేది. పాలపిట్టను చూడనిదే వాళ్లు పండగ అన్నం ముట్టరు. వాళ్ల నాన్న అక్కనూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని చేలగట్ల మీద తిప్పి, పిట్ట కనిపించాకే ఇంటికి తీసుకొచ్చి కంచాల ముందు కూచోబెట్టేవాడట. ఆమె పెళ్లై వాగుపేట వచ్చాక ఊరు పెరిగింది, పిట్టలు తరిగాయి. పాపం, కొన్ని పండగలకు సాయంత్రం దాకా మెడ నొప్పి పుట్టేలా చూసేదట. నేను వచ్చాక ఆ తిప్పలు తీరాయి.

దసరా పొద్దున సాంబమూర్తి గారు నన్ను బీరువాలోంచి తీసి పిట్టగోడ మీద పెట్టేవారు. వీధి వీధంతా స్నానాలు చేసి వచ్చి చూసి వెళ్లేది. కొయ్యపిట్టను చూస్తే పుణ్యం వస్తుందా అని ఎవరికో సందేహం వస్తే, పురోహితుడు గారు, “పాలపిట్టను మీరు చూడాలన్నారు గానీ, అది మిమ్మల్ని చూడాలని ఎక్కడా లేదు” అని తేల్చేశారు. మధ్యాహ్నానికి లక్ష్మీకాంతం గారు వాగు దాటి వచ్చి, జమ్మి ఆకు బావ చేతిలో పెట్టి, “బంగారం తీసుకో బావా” అని కావిలించుకునేవారు. అక్క కాళ్లకు దండం పెట్టేవారు. ముగ్గురూ కూచుని పులిహోర, గారెలు తింటూ సమితి భవిష్యత్తు గురించి మాట్లాడుకునేవాళ్లు. కాత్యాయని గారు ఏడాదిలో అంతగా నవ్వేది ఆ ఒక్క పూటే.

అంతలో రాష్ట్రం రెండైంది. నిన్నటిదాకా బట్టలుతుక్కునే వాగు తెల్లారేసరికి సరిహద్దు అయి కూచుంది. రాష్ట్రం విడిపోయాక సమితి విడిపోకపోతే బాగుండదని వీళ్లకు తోచింది. కుర్చీలు పంచుకున్నారు. మైకు ఇటు వచ్చింది, దాని బాక్సు అటు వెళ్లింది. తాళం వేయని బీరువా ఇక్కడే ఉంది, దాని తాళంచెవి మాత్రం పొరపాటున గట్టుపాడు చేరింది. మాటలు కూడా పంచుకున్నారు. అంతకుముందు ఇద్దరూ ఒకేలా మాట్లాడేవాళ్లు. విడిపోయాక లక్ష్మీకాంతం గారు పట్టుబట్టి ‘గట్ల, గిట్ల’ అంటుంటే, సాంబమూర్తి గారు పోటీకి రేడియో వార్తల్లోలాగా ‘అటువంటి, ఇటువంటి’ అనడం మొదలుపెట్టారు.

చివరికి పేచీ నా దగ్గరకు వచ్చింది. కొత్త రాష్ట్రం కూడా తన పక్షి పాలపిట్టేనని ప్రకటించింది. పాత రాష్ట్రం నన్ను వదల్లేదు. ఇద్దరికీ నేనే కావాలి.

“జింక నీకే, కలువ నీకే, వేపకొమ్మ గూడ నీకే బావా. పిట్టను మాత్రం నాకియ్యి. మా దిక్కు దసరా అంటేనే పాలపిట్ట” అన్నారు లక్ష్మీకాంతం గారు.

“మా రాష్ట్ర పక్షి కూడా అదేనయ్యా. మార్చినట్టు జీవో ఉందా? ఉంటే చూపించు.”

“క్యాలెండర్ చింపి తెచ్చింది నేను.”

“తెచ్చావు. ఆర్డరు మీద సంతకం ఎవరిది? అధ్యక్షుడిది.”

“అక్క ఇంట్ల నిలవడి అడుగుతున్న బావా, పరాయింట్ల కాదు.”

“నీ అక్క ఇల్లే. గడప మాత్రం నాది. ఇంకోసారి తొక్కకు.”

ఆ మాట ఎక్కువైందని సాంబమూర్తి గారికే తెలిసింది. కానీ ఒకసారి జారీ అయిన ఉత్తర్వును వెనక్కి తీసుకోవడం ఆయన సర్వీసులో లేదు. లక్ష్మీకాంతం గారు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఇద్దరు పెద్దమనుషులు నాకోసం కొట్లాడుకుంటున్నారని అప్పటిదాకా నాకు గర్వంగానే ఉంది. వంటింటి గుమ్మంలో కాత్యాయని గారు కొంగుతో మొహం తుడుచుకోవడం చూశాక ఆ గర్వం పోయింది. పిట్ట ఎవరికి కావాలని అందరూ అడిగారు గానీ, తమ్ముడు కావాలా వద్దా అని ఆమెను ఎవరూ అడగలేదు.

తర్వాత వచ్చిన దసరాలకు లక్ష్మీకాంతం గారు రాలేదు. కాత్యాయని గారు పొద్దున్నే నన్ను చూసి దండం పెట్టుకునేది. ఆపైన వీధి చివరికి చూసేది. తర్వాత లోపలికి వెళ్లి భర్తకు వడ్డించి, తానూ ఇంత తిన్నాననిపించేది.

నాలుగేళ్లు గడిచాక ఒకరోజు సాంబమూర్తి గారు పేపరు చదువుతూ కాఫీ చల్లార్చుకున్నారు. రాష్ట్ర పక్షి ఇకనుంచి రామచిలుక అట. రాష్ట్ర పుష్పం మల్లె అట. జింకకు, వేపకొమ్మకు ఉద్యోగాలు నిలిచాయి, కలువకూ నాకూ ఊడాయి. ఆ పూట నుంచీ జింక నావైపు చూసే చూపే వేరుగా ఉంది.

కాత్యాయని గారి మొహం మాత్రం వెలిగింది. “ఇంకేముందండీ, ఆ పిట్ట మనకు అక్కర్లేదుగా. తమ్ముడికి పంపించేద్దాం. వాడే వస్తాడు” అంది.

“అంటే నేను ఓడిపోయినట్టా?” అన్నారు సాంబమూర్తి గారు. “సమితి ఆస్తిని ఇతర రాష్ట్రానికి తరలించే ప్రసక్తే లేదు. ప్రభుత్వం పక్షిని మార్చింది, మనమూ మారుస్తాం.”

మార్చడమంటే ఏమిటో సైన్ బోర్డులు రాసే బాబ్జీ వచ్చాక నాకు తెలిసింది. నా ఒంటికి పచ్చరంగు పూశాడు. మెడకు ఎర్ర గీత గీశాడు. నా ముక్కు తిన్నగా ఉంది, చిలుక ముక్కు వంకర, అందుకని పైన పుట్టీ ముద్ద పెట్టి వంచాడు. తోక పొట్టిగా ఉందని విరిగిన చెక్క స్కేలు ముక్క ఒకటి అతికించాడు. “అయ్యగారూ, చిలకకు ఇంత తలకాయ ఉండదండీ” అని వాడు మొత్తుకుంటే, “రంగు ఆరితే సర్దుకుంటుంది” అన్నారు సాంబమూర్తి గారు. కలువకు తెల్లరంగు కొట్టి మల్లె అన్నారు. పళ్లెమంత మల్లె. దాన్ని జడలో పెట్టాలంటే తాటిచెట్టుకు జడ వేయాలి.

బీరువా అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. చిలుకలు నన్ను చిలుకనని ఒప్పుకోవు, పాలపిట్టలు గుర్తుపట్టవు. వీధిలో పిల్లలు పచ్చకాకి అని పేరు పెట్టారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. కొయ్యకు చావు కూడా లేదాయె. కాత్యాయని గారు నన్ను ఎగాదిగా చూసి, “దసరా రానివ్వండి” అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి సాంబమూర్తి గారు గెలిచాననుకున్నారు.

దసరా రానే వచ్చింది. నన్ను పిట్టగోడ మీద పెట్టారు. పక్కింటి సీతారావమ్మ గారు స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చి, కళ్లు చికిలించి చూసింది.

“పాలపిట్ట ఏదండీ మూర్తిగారూ?”

“ఇకనుంచి అధికారికంగా దర్శనం రామచిలుకదేనమ్మా.”

“చిలకను చూడాలంటే మా జామచెట్టు కింద నిలబడితే చాలదూ? దీనికి ఇంతదూరం రావాలా?” అని ఆవిడ చక్కా పోయింది. ఆవిడ వెనక వీధీ పోయింది.

మధ్యాహ్నం కాత్యాయని గారు విస్తరి వేసి పులిహోర, గారెలు, పరమాన్నం వడ్డించింది. ఒక్క విస్తరే వేసింది.

“నువ్వు కూచోవా?” అన్నారు సాంబమూర్తి గారు.

“మీరు కానివ్వండి. నేను పాలపిట్టను చూడలేదుగా.”

గారె నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఏ ఏడాది ఏ జీవో వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషికి, ఇన్నేళ్లు కాపురం చేసిన భార్య పండగపూట దేన్ని చూసి అన్నం తింటుందో అప్పటిదాకా గుర్తుకు రాలేదు. రంగు వేయించేటప్పుడు రాష్ట్రం గుర్తుంది, జీవో గుర్తుంది, బామ్మర్ది మీద కోపం గుర్తుంది. ఇల్లు గుర్తులేదు.

విస్తరి ముందు నుంచి లేచి, గొడుగు తీసుకుని వాగు గట్టుకు పరుగెత్తారు. చాలాసేపటికి చెమటలు కక్కుతూ వచ్చి, “తుమ్మచెట్టు మీద నీలంరంగు పిట్ట ఉంది, రా” అని భార్యను పెరటి గోడ దగ్గరకు లాక్కెళ్లారు.

“అది లకుముకి పిట్టండీ.”

“నీలంగానే ఉందిగా!”

“నీలంగా ఉన్నవన్నీ పాలపిట్టలైతే మీ గొడుగుకూ దండం పెడతాను.”

ఆయన ఫోను తీసి, వెతికి వెతికి, పాలపిట్ట ఫొటో ఒకటి ఆమె ముందు పెట్టారు. ఆమె దాన్ని చూసి, “అందులోనే అన్నం కూడా చూపించండి, తినేస్తాను” అంది.

తర్వాత ఆమె లోపలికి వెళ్లి గుడ్డసంచీ తెచ్చి, నన్ను పిట్టగోడ మీంచి తీసి అందులో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది.

“ఎక్కడికి?” అన్నారు సాంబమూర్తి గారు.

“పాలపిట్టకు ఇంకా ఉద్యోగం ఉన్న రాష్ట్రానికి.”

ఆటో వంతెన దాటింది. ఆ కుదుపులకు నా స్కేలు తోక ఊడి సంచీలో పడింది. పోతే పోయిందనుకున్నాను.

గట్టుపాడులో లక్ష్మీకాంతం గారు చేలన్నీ తిరిగొచ్చి, మట్టి కాళ్లతో వసారాలో ఒక్కరే కూచుని ఉన్నారు. వెనక గూట్లో ఆయన సమితి తాలూకు చిహ్నాలు వరసగా ఉన్నాయి. చుక్కల జింక, జమ్మికొమ్మ, తంగేడు పూలగుత్తి. అక్క ఆటో దిగడం చూసి ఆయన లేచిన తీరుకు కుర్చీ వెనక్కి పడిపోయింది.

“అక్కా! నువ్వొచ్చినవా?”

“ముందు పాలపిట్టను చూపించరా కాంతం. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు.”

ఆయన తల దించుకున్నారు. “లేదక్కా.”

“లేకపోవడమేంట్రా? మీ రాష్ట్ర పక్షి కదా!”

“చేయించలే. నీ కాడున్నదే మనది. ఇంకోటి చేయించుకుంటే, ఇగ నీ ఇంటికి వచ్చే దారి నేనే మూసుకున్నట్టు అనిపించింది.”

అప్పుడు చూశాను. గూట్లో జింకకూ జమ్మికీ మధ్య నేను పట్టేంత ఖాళీ ఉంది.

“మరి ఇన్ని దసరాలూ ఏం చూసి తిన్నావురా?”

లోపలినుంచి ఆయన భార్య ప్రమీల గారు జవాబిచ్చింది. “ఏం చూస్తడు వదినా! పొద్దుగూకేదాక చేలల్ల తిరుగుడు, కనవడకపోతే మంచినీళ్లు తాగి పండుడు. వండింది నేను చుట్టుపక్కలోళ్లకు పంచుడు.”

అక్క ఏడ్చింది, తమ్ముడూ ఏడ్చాడు. ఇద్దరూ ఆకలి మీద ఉన్నారు కాబట్టి ఏడుపు కొంచెం ఎక్కువే వచ్చింది. ఆపైన ఆమె సంచీలోంచి నన్ను తీసింది. లక్ష్మీకాంతం గారు చూశారు. పెదవులు బిగబట్టారు. ఆగలేకపోయారు. కడుపు పట్టుకుని నవ్వుతూ, “ఏందక్కా ఇది! బావ దీన్ని చిలక చేసిండా? పకోడీ ముక్కు పెట్టిండు గదా!” అన్నారు.

ఇద్దరూ గరుకు కాగితం తీసుకుని నా వీపు రుద్దడం మొదలుపెట్టారు. పచ్చ పోయింది. దాంతోపాటు కింద ఉన్న నా అసలు రంగూ పోయి తెల్ల కొయ్య బయటపడింది. లక్ష్మీకాంతం గారు కంగారుపడి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. టక్కుమని నా ఎడమ రెక్క ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఇంకో ఆటో ఆగింది. అందులోంచి దిగిన సాంబమూర్తి గారు ఆ దృశ్యం చూసి, “ఒరే కాంతం! రెక్క విరిచేశావు గదరా!” అని అరిచారు. నాలుగేళ్ల తర్వాత బామ్మర్దితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

“నువ్వు ముక్కు వంచినవ్, నేను రెక్క ఇరిసిన. చెల్లుకు చెల్లు” అన్నారు లక్ష్మీకాంతం గారు. గొంతులో మాత్రం ధైర్యం లేదు. అక్క ఏమంటుందోనని ఆమె వైపే చూస్తున్నారు.

కాత్యాయని గారు తమ్ముడి చేతిలోంచి రెక్క తీసుకుని తిరగేసింది. రెక్క లోపలి వైపంతా నీలం. నా రెక్కలు ఒంటికి ఆనుకుని ఉంటాయి, ఆ సందులోకి బాబ్జీ కుంచె దూరలేదు. కొండపల్లి పెద్దాయన పూసిన నీలం అక్కడ చెక్కు చెదరకుండా, నిన్ననే పూసినంత నిగనిగలాడుతూ ఉంది. నా పక్కటెముకల మీద కూడా అదే నీలం. నేను పాలపిట్టనని నాకే అప్పుడు నమ్మకం కుదిరింది.

ఆమె ఆ రెక్కను కళ్లకద్దుకుంది. “చూశాను. నువ్వూ చూడరా” అని తమ్ముడికి చూపించింది. తర్వాత గేటు వైపు తిరిగి, “మీరూ వచ్చి చూడండి. అక్కడే నిలబడ్డారేం?” అంది.

సాంబమూర్తి గారు గేటు పట్టుకుని కదల్లేదు. గడప తొక్కవద్దన్న మనిషి ఇంకొకరి గడప ఎలా తొక్కుతాడు?

“రా బావా. మా గడపకు జీవోలు లేవు” అన్నారు లక్ష్మీకాంతం గారు.

ఆయన లోపలికి వచ్చారు. నా రెక్కను చేతిలోకి తీసుకుని తిరగేసి చూశారు. “తప్పయిందిరా కాంతం” అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం సమితి చరిత్రలో ఎవరికీ జరగలేదు. లక్ష్మీకాంతం గారు పండక్కి తెచ్చిపెట్టిన జమ్మి ఆకు తీసి ఆయన చేతిలో పెట్టారు. ఇద్దరివీ పెద్ద పొట్టలు కావడంతో కావిలింత సరిగ్గా కుదరలేదు.

ప్రమీల గారు నాలుగు విస్తళ్లు వేసింది. సాంబమూర్తి గారు ఇంటి దగ్గర గారె వదిలేసి వచ్చారు కదా, ఆయన తిన్న తీరు చూసి నాకే జాలేసింది. మజ్జిగలోకి వచ్చాక గొంతు సవరించుకుని, “అధ్యక్షుడి హోదాలో చెబుతున్నాను. ఈ పక్షిని మీ సమితికి అప్పగిస్తున్నాం” అన్నారు.

“వద్దు బావా, నువ్వే తీస్కపో” అన్నారు లక్ష్మీకాంతం గారు.

“నాకెందుకయ్యా? మాకు జీవో లేదు.”

“మాకేమో ఇది సగం చిలక.”

ఒకప్పుడు నాకోసం గడపలు మూసుకున్నవాళ్లు ఇప్పుడు నన్ను అటూ ఇటూ తోసుకుంటుంటే నాకు రోషం వచ్చిన మాట నిజం. కానీ అది వద్దనడం కాదని నాకూ తెలుసు. నేను ఒకరి దగ్గర ఉండిపోతే, రెండోవాళ్లు మళ్లీ దూరమవుతారేమోనని ఇద్దరికీ భయం.

కాత్యాయని గారు చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను తీసుకెళ్లి ఆ గూట్లో, జింకకూ జమ్మికీ మధ్య పెట్టింది. “ఇది ఇక్కడే ఉంటుంది. ఏటా దీన్ని చూడ్డానికి నేనే వస్తాను. పుట్టింటికి రావడానికి నాకంటూ ఒక పని ఉండాలిగా” అంది.

“మరి నేను?” అన్నారు సాంబమూర్తి గారు.

“మిమ్మల్ని ఎవరు ఆపారు?”

అప్పటినుంచీ నేను ఇక్కడే ఉన్నాను. రెక్కను మక్కుతో మళ్లీ అతికించారు. ఎడమవైపు పాతలాగే నీలం వేశారు, కుడివైపు పచ్చ పూర్తిగా పోలేదు. సాంబమూర్తి గారి సమితికి కొండపల్లి నుంచే కొత్త చిలుక వచ్చిందట. చూడముచ్చటగా ఉందంటారు. ఉండనీయండి, నాకేం?

దసరా వచ్చిందంటే పొద్దున్నే గేటు దగ్గర ఆటో చప్పుడు వినిపిస్తుంది. కాత్యాయని గారు సంచీలు సర్దుకుని దిగేలోపలే ముందుగా దిగేది సాంబమూర్తి గారు. ఆయన కూడా ఇప్పుడు నన్ను చూడనిదే పండగ అన్నం ముట్టడం లేదు. గేటు తీస్తూనే కేకేస్తారు:

“ఒరే కాంతం, పిట్టను బయటికి తీశావా లేదా? ఆకలేస్తోందిరా!”